మేత అడిగే యోనన్న

ఏ వస్తువు కొనాలన్నా మా యోనన్న ముందు ఆ వస్తువు వంక చూడడు. అది ఏం తింటుందో అడుగుతాడు.

"దీనికి మేత ఎక్కడ దొరుకుతది?"

టార్చిలైటుకు మేత సెల్లులు. పెన్నుకు మేత రీఫిల్లు. "మరి మిక్సీకి మేత ఏందన్నా?" అని నేనొకసారి వెక్కిరిస్తే, ఆయన చాలా గంభీరంగా, "గిన్నె కింద రబ్బరు బిళ్ల ఉంటది చూడు తమ్మీ, ఆర్నెల్లకోటి నములుతది. అది గోదావరిఖనిల దొరకకపోతే మిక్సీ ఎందుకు, రోలు చాలదా?" అన్నాడు. ఆ రోజే నేను ఆయనకు 'మేత యోనా' అని పేరు పెట్టాను. సాయంత్రానికి కాలనీ మొత్తం చుట్టివచ్చింది. ఆ ప్రచారంలో నా కష్టం చాలా ఉంది.

ఆఖరికి పెళ్లిచూపుల్లో కూడా ఇదే వరస. బెల్లంపల్లిలో పిల్ల తండ్రి గొప్పగా, "మా సుగుణమణి ఏది పెడితే అది తింటది" అన్నాడట. యోనన్న ఒప్పుకోలేదు. "గట్ల కాదు మామా, ఏది లేకుంటే ముద్ద దిగదు?" లోపలి గదిలోంచి సుగుణమణక్క గొంతు వినపడింది: "ఎండు రొయ్యలు." యోనన్న చాయ్ తాగి లేచాడు. గోదావరిఖనికి వచ్చి సంత రెండు వారాలు తిరిగి, ఎండు రొయ్యలు అమ్మేవాళ్లు ఇద్దరున్నారని రూఢి చేసుకుని, అప్పుడు కబురు పంపాడు.

"నన్ను చూసి చేసుకోలె. రొయ్యల గంపను చూసి చేసుకున్నడు" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

చర్చికి తీగ లేని మైకు కొన్నప్పుడు సంఘమంతా చప్పట్లు కొడుతుంటే యోనన్న లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, దీనికి మేత?" పాస్టరు అయ్యగారు నవ్వి, "దేవుడే చూసుకుంటడు బాబూ" అన్నారు. క్రిస్మస్ ఆరాధనలో అయ్యగారు బైబిలు చదువుతుంటే, సరిగ్గా గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చేసరికి మైకు మూగబోయింది. యోనన్న మూడో బెంచీలోంచి లేచి, కోటు జేబులోంచి నలుచదరపు బ్యాటరీ తీసి అయ్యగారి చేతిలో పెట్టి, వచ్చి కూర్చున్నాడు. దేవదూత మళ్లీ మాట్లాడింది.

ఇలాంటి మనిషి తుపాకీ కొన్నాడు. అసలు కథ అది.

బొగ్గు బావిలో పనిచేసే రోజుల్లో బొగ్గు మోసే టబ్బు బండి తగిలి యోనన్న కుడి మణికట్టు విరిగింది. కంపెనీ ఆయన్ని పైకి తెచ్చి సెక్యూరిటీ డ్యూటీలో వేసింది. అక్కడే రిటైరయ్యాడు. నేనూ, నా స్నేహితుడు ముత్యం ప్రైవేటు ఏజెన్సీ గార్డులం. కాంట్రాక్టు చేతులు మారింది, మా డ్యూటీ పోయింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ సంధ్యారాణి అన్నం పెట్టేటప్పుడు గిన్నె చప్పుడు రోజురోజుకీ పెరుగుతోంది. అంతలో బ్యాంకులకు నగదు చేరవేసే బండ్ల కంపెనీ ఒకటి గన్‌మెన్లు కావాలంది. సొంత లైసెన్సు, సొంత రివాల్వరో పిస్టలో ఉండాలి. కరీంనగర్ ఫైరింగ్ రేంజిలో పది తూటాలు కాల్చి చూపించాలి. లైసెన్సులు ఎట్లాగో చేతికొచ్చాయి. ఖాళీగా ఉండలేక యోనన్న కూడా మాతో చేరాడు.

నేనూ ముత్యం ఆగలేదు. రిటైరైన గన్‌మెన్ల దగ్గర రెండు పాత రివాల్వర్లు ఉన్నాయంటే కాగితాలన్నీ రాయించుకుని కొనేశాం. నల్లగా, నిగనిగలాడుతున్నాయి. అంతకంటే మేమేమీ చూడలేదు.

"ఏ సైజు?" అన్నాడు యోనన్న.

"ముప్పైరెండు."

"మేత?"

"ఓ అన్నా! తుపాకీ కొన్నోనికి తూటాలు దొరకవా?" అన్నాడు ముత్యం.

యోనన్న మా ఇద్దరినీ పసిపిల్లల్ని చూసినట్టు చూశాడు.

ఆయన తుపాకీ కోసం ముగ్గురం కరీంనగర్‌లో కిషన్ ఆయుధాల దుకాణానికి వెళ్లాం. కిషన్ బల్ల మీద రెండు తుపాకులు పెట్టాడు. ఒకటి ముప్పైరెండు. రాయిలా బరువు, పేలిస్తే చెయ్యి ఎగిరిపడుతుంది. రెండోది ఇరవైరెండు. సన్నటి తూటా, తేలిక, పేల్చినా చేతికి తెలియదు. యోనన్న ఇరవైరెండును చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పుట్టిన మనవరాలిని ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. దింపడే! ముత్యం నా డొక్కలో పొడిచాడు. "అన్న ఫిదా అయిండు."

యోనన్న తేరుకుని గొంతు సవరించుకున్నాడు. "కిషన్ సేటూ, వీటికి మేత..."

ఆ మాట వినగానే మేమిద్దరం నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాం. ఎదురు బండి మీద మిర్చీలు వేడిగా ఉన్నాయి. ఎనిమిది తిన్నాం. తొమ్మిదోది నోట్లో ఉండగా యోనన్న బయటికొచ్చాడు. కొన్నది ముప్పైరెండు.

"గిదేందన్నా, గంత ముద్దుగ పట్టుకున్నవ్ గదా ఇరవైరెండును?"

"ముద్దుకు ఏమున్నది. మేత దీనికే దొరుకుతది" అన్నాడు. బస్సులో రామగుండం దాకా అదే మాట చెప్పి చెప్పి నవ్వుకున్నాం. పదిరోజులకు కిషన్ దుకాణంలో ముగ్గురికీ తూటాలు అందాయి. మాకది వింతనిపించలేదు. దుకాణమన్నాక తూటాలుంటాయి కదా.

పరీక్ష రోజు పన్నెండు మంది వచ్చారు. అందరిలోకి శివ అనే కుర్రాడు సినిమా హీరోలా ఉన్నాడు. నల్లద్దాలు, నడుముకు వెండిలా మెరిసే విదేశీ పిస్టలు. మేం మా పాత ఇనుమును చొక్కాల కింద దాచుకున్నాం.

యోనన్న దగ్గరికెళ్లాడు. "మస్తుంది తమ్మీ. మేత?"

"ఏంది కాకా?"

"తూటాలు."

"ఆర్డర్ పెట్టిన. బయటి దేశంకెళ్లి రావాలె."

"అయితే ఓసారి ఫోన్ చెయ్యి బిడ్డా, ఎక్కడిదాక వచ్చినయో. మన వంతు పదకొండింటికి."

పదకొండైంది. తూటాలు సముద్రం దాటలేదు. ఇరవైరెండు వాళ్లు నలుగురిదీ అదే గతి. ఆ నెల అంగళ్లన్నీ తిరిగినా దొరకలేదట. రేంజి ఆఫీసరు ఉపేందర్ సార్ ఐదుగురినీ పక్కన కూర్చోబెట్టాడు. అంత అందమైన తుపాకులు అంత దిగులుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

మా వంతు వచ్చింది. మొదటి తూటా నేను కళ్లు మూసుకుని పేల్చాను. తెరిచి చూస్తే నా గురి అట్ట మీద ఏమీ లేదు. తర్వాత తొమ్మిదింట్లో ఏడు తగిలాయి. ఆరు తగిలితే పాసు! నేను ఎగిరి గంతేస్తుంటే ఉపేందర్ సార్ ముత్యం అట్టను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ముత్యం, నువ్వు కాల్చినయి ఎన్ని?"

"పది సార్."

"పదకొండు తగిలినయి గదయ్యా!"

ముత్యం సిగ్గుపడుతూ, "ప్రాక్టీసు సార్" అన్నాడు. నేను ఆకాశం వైపు చూశాను.

యోనన్నవి తొమ్మిది తగిలాయి. ఒక్కో తూటాకూ పెదవి కొరుక్కున్నాడు. అయిపోయాక మూలకు పోయి మణికట్టు మీద సీసాలోని చల్లనీళ్లు పోసుకున్నాడు. "ఎండ గదా" అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను. నా ఏడు తప్ప ఇంకేమీ కనబడని రోజు అది.

ముగ్గురికీ ఉద్యోగం! సంధ్యారాణి గిన్నె చప్పుడు ఆగింది. ముత్యం వాడకట్టంతా స్వీట్లు పంచాడు. నేను 'మేత యోనా' పేరును కొత్తగా, ఈసారి గౌరవంగా ప్రచారం చేశాను.

వారం తర్వాత పాలకోవా పట్టుకుని కిషన్ దుకాణానికి వెళ్లాను. "మా యోనన్న ముందుచూపు చూసినవా సేటూ? ముప్పైరెండుకే మేత దొరుకుతదని ముందే కనిపెట్టిండు."

కిషన్ కోవా నోటి దగ్గర ఆపాడు. "ఎవరు చెప్పిన్రు? ఆ రోజు నా దగ్గర ముప్పైరెండు తూటా ఒక్కటి లేదు. ఇరవైరెండువి నాలుగు డబ్బాలున్నయి, తర్వాత అమ్ముడుపోయినయి గాని. అన్న ఒక్కనికి ఏండ్లు సరిపోతయి. 'మరి మావోళ్లిద్దరికి ఎట్ల?' అని అడిగిండు. ఇద్దరి కోసం నేను స్టాకు తెప్పియ్య, కనీసం ముగ్గురుండాలె అన్న. కొద్దిసేపు ఆ ఇరవైరెండునే చూసుకుంట నిలబడ్డడు. 'అయితే మూడోవోణ్ని నేనే, రాస్కో' అన్నడు."

నాకు ఆ తొమ్మిదో మిర్చి ఇప్పుడు గొంతులో అడ్డం పడింది.

ఇంటికొచ్చి సుగుణమణక్కకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "గిప్పుడు తెలిసిందా నీకు? మా ఇంట్ల గ్యాసు రెగ్యులేటరు, సైకిల్ ట్యూబు, ఫోన్ చార్జరు అన్నీ వాడకట్టుల అందరికి ఏవుంటే అవే. ఎవలకు ఆగిపోయినా మన ఇంట్లకెళ్లి తీసి ఇయ్యొచ్చని. పెండ్లైన కాణ్నుంచి వారం వారం రొయ్యలు తెస్తడు. ఆయన నోట్లె ఒక్కటి పెట్టుకోడు, వాసన పడదు."

మర్నాడు నేనూ ముత్యం చౌరస్తాలో మందుల దుకాణానికి వెళ్లి, మణికట్టుకు చుట్టుకునే గట్టి పట్టీ కొని యోనన్నకు తీసుకెళ్లాం. కిషన్ చెప్పిన సంగతి ఎత్తలేదు. ఎత్తితే కొడతాడు.

ఆయన పట్టీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సాగదీశాడు. నేను లోపల లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు...

"మంచిగుంది. ఇది పాతబడితే ఇంకోటి ఎక్కడ దొరుకుతది?"

"చౌరస్తల. ఒక్కనికోసమైతే తెప్పియ్యనన్నడు" అన్నాను.

"మరి?"

నేనూ ముత్యం చొక్కా చేతులు పైకి మడిచాం. నిక్షేపంలాంటి మా మణికట్లకు రెండు పట్టీలు బిగించి ఉన్నాయి.