సునంద ముగించిన జపాన్ పాట

నేను స్కూల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. చనిపోయినవాళ్లు తిరిగొస్తారని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. నా భార్య సునంద కూడా తిరిగి రాలేదు. వస్తే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. సునంద వాళ్లది విశాఖపట్నం. పెళ్లయ్యాక ఎల్బీనగర్‌లో ఒక డాబా పై పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. వచ్చేటప్పుడు ఆమె ఒక పాత టేప్‌రికార్డరూ, పేరు లేని ఒక క్యాసెట్టూ తెచ్చుకుంది. వాళ్ల నాన్న ఓడరేవులో పనిచేసే రోజుల్లో, ఒక జపాన్ ఓడ ఇంజనీరు దగ్గర విని ముచ్చటపడి కాపీ చేయించుకున్న పాటలట. పాడినామె ఎవరో ఆయనకూ తెలియదు.

ఒక్క మాటా అర్థమయ్యేది కాదు. మెత్తటి గిటారు, వెనక బాకాలు, తీరిగ్గా పాడే ఆడగొంతు. దీపాలు వెలిగే వేళ ఏదో సముద్రపు ఒడ్డు నగరంలో కారులో పోతున్నట్టుండేది.

"మనం ఎప్పుడో ఖాళీ చేసి వచ్చేసిన ఊరిలా లేదూ?" అనేది సునంద.

"మనం ఎన్నడు పోలే గద," అనేవాణ్ణి. కానీ నాకూ లోపల అదే బెంగ.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే బస్సులుండవు, స్కూలుండదు. దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు బోసిపోయేది. నేను పొద్దున ర్యాలీలో నడిచి ఇంటికొస్తే, సునంద టీ పెట్టి ఆ క్యాసెట్ వేసేది. ఒకరోజు నవ్వుతూనే అడిగింది.

"మీ రాష్ట్రం మీకొస్తే నన్ను పంపించేస్తారా ఏంటండీ?"

"నువ్వు యాడికి పోతవ్? నేను పోనిస్తనా?" అన్నాను.

క్యాసెట్‌లో చివరి పాట పూర్తిగా లేదు. మధ్యలోనే టేపు అయిపోయి టక్కున ఆగేది. మిగతాది సునందే కూనిరాగంతో పూర్తిచేసేది. ఒకసారి హుషారుగా, ఒకసారి దిగులుగా, ప్రతిసారీ కొత్తగా. "ఇలా అయ్యుంటుందంటారా?" అనేది. నాకేం ఎరుక?

తర్వాత ఆమెకు రక్త క్యాన్సర్ అని తేలింది. చివరికి దవాఖాన మంచం మీద నీళ్లు తాగడమే కష్టమైంది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకునే ఆ పాట అందుకుంది. టేపు ఆగే చోటు దాటింది. రాగం బాగా కిందికి దిగి, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగి, మూడు చిన్న విరుపులతో పైకి పోయింది. చివర కళ్లు తెరిచి సన్నగా నవ్వింది.

"ఇలాగేనండీ అయిపోయేది. ఇప్పుడు తెలిసింది," అంది.

"ఎట్ల తెలిసింది?"

నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. మర్నాడు పోయింది.

రాష్ట్రం వచ్చినప్పుడు కాలనీ అంతా టపాకాయలు కాల్చారు. నేనూ కోరుకున్న రాష్ట్రమే. దోస్తులు వచ్చి ముఖానికి గులాల్ పూసి వెళ్లారు. అది కడుక్కుంటూ చాలాసేపు ఏడ్చాను.

కొన్నేళ్లకు సునంద తమ్ముడు మురళి మా ఇంటికొచ్చాడు. క్యాసెట్ అరిగిపోతోందని, పాట మోగుతుండగా టేప్‌రికార్డర్ పక్కన తన ఫోన్ పెట్టి, ఆ పాట ఏదో వెతికించాడు. ఇంటర్నెట్‌లో ఆల్బమ్ దొరికింది. వచ్చిన కొత్తలో జపాన్‌లోనే దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువట. ఇప్పుడు ఎక్కడెక్కడి వాళ్లో విని, తామెప్పుడూ చూడని నగరం మీద బెంగగా ఉందని పాట కింద కామెంట్లు రాస్తున్నారు. మురళి అవి చదువుతుంటే నాకు సునంద మాట వినపడినట్టే అయింది.

చివరి పాట పెట్టాడు. టేపు ఆగే చోటు దాటింది. వాద్యాలన్నీ తప్పుకున్నాయి. ఒక్క గొంతే మిగిలింది. కిందికి దిగింది, ఆగింది, మూడు విరుపులతో పైకి పోయింది. ఆఖర్న ఆ పాడినామె సన్నగా నవ్వింది.

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను.

"మీ నాయిన దగ్గర గీ పాట మొత్తం ఇంకేడన్న ఉండెనా?" అని అడిగాను.

"లేదు బావా. మిగతా పాట కోసం నాన్న చాలామందిని అడిగారు. దొరకలేదు. అక్క కూడా ఈ టేపు తప్ప వేరే వినలేదు."

చిన్నప్పుడు రేడియోలో విందేమో అని సర్దిచెప్పుకోబోయాను. వింటే అన్నేళ్లూ రోజుకో రకంగా ఎందుకు పాడుతుంది? ఆ చివరి మధ్యాహ్నమే ఎందుకు గుర్తొస్తుంది?

సునంద నన్ను చూసి నవ్విందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నాకు మిగిలిన ఆఖరి నవ్వు అది. పాటలో ఉంది కాబట్టి నవ్విందా, నాకోసం నవ్విందా, ఇప్పుడు అదీ తెలియడం లేదు. అడుగుదామంటే మనిషి లేదు.