గాల్లో ఆగిపోయిన విమానం

దుబాయ్‌లో ఉన్న రోజుల్లో నేనొక యుద్ధనౌకను విమానాలు దిగే ఓడగా మార్చాను. ఒక్కణ్ణే కాదు లెండి, నలుగురం కలిసి. సరే, ఇంకా ఎందుకు దాచడం, నేను చేసింది మరమ్మతు యార్డులో చమురు ఓడల తుప్పు గీకడం. ఆ యుద్ధనౌక సంగతి నేను పుట్టకముందే అయిపోయింది. మా బిడ్డకు మాత్రం క్యాసెట్‌లో అలాగే చెప్పాను.

అప్పట్లో ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. నైఫ్ బజారులో కొన్న టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, సెలవు మీద ఊరికి పోయేవాడి పెట్టెలో వేసేవాళ్ళం. నేను మొదటి సెలవుకు ఇంటికి పోయినప్పుడు నాలుగేళ్ళ బిడ్డ తల్లి కొంగు చాటుకు పోయి, "అమ్మా, ఈ మామ ఎప్పుడు పోతడే?" అంది. నెల రోజులున్నా బాపూ అని పిలవలేదు. రెండో సెలవు లోపల గొంతుతోనైనా దాన్ని మచ్చిక చేసుకోవాలనుకున్నాను.

కథ మా ఫోర్‌మన్ దగ్గర దొరికింది. నేవీలో చేసి రిటైరైన విశాఖపట్నం మనిషి.

"మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట తమ్ముడూ. ఇంగ్లీషోళ్ళు పెద్ద ఫిరంగుల ఓడ మొదలెట్టారు. కడుతుండగానే మనసు మారింది. ముందు ఫిరంగి మానేసి, విమానాలు ఎగరడానికి చదునుగా డెక్కు వేసేశారు. ఎగరడం బానే ఉంది. దిగడం ఎలాగ? నడుమ పొగగొట్టం అడ్డం!"

క్యాసెట్‌లో ఆ ఫిరంగి పీకింది నేనే. "పైలట్ సముద్రం మీద తిరుగుతున్నడు బిడ్డా. దిగుదామంటే జాగ లేదు. పెట్రోలు అయిపోతున్నది..." అక్కడ టేపు అయిపోయింది. నేను చూసుకోలేదు. ఇంకో పావుగంట మాట్లాడి, పైలట్‌ను దించి, చప్పట్లు కూడా కొట్టాను. మర్నాడే క్యాసెట్ ఊరికి పోయింది.

మూడు నెలలకు మా ఆవిడ క్యాసెట్ వచ్చింది. "ఏం కథ చెప్పినవయ్యా? పొద్దున లేస్తే అదే పెడ్తది. వాడు దిగలేదని బువ్వ ముట్టది. జల్ది దించు." తర్వాత సన్నటి గొంతు: "బాపూ, ఆయన దిగిండా?"

ఆ ఒక్క ముక్కనే వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. యాభైసార్లు. పదిసార్లయినా ఉంటుంది.

మర్నాడు ఫోర్‌మన్‌ను పట్టుకున్నాను. "ఆ పైలట్ నిజంగ దిగిండా సార్?"

"దిగాడయ్యా. ఓడ ముందుకు పోతుండగా పక్కనుంచి జారించి తెచ్చాడు. డెక్కు మీదోళ్ళు పరిగెత్తి చేతుల్తో పట్టేసుకున్నారు. కొన్నాళ్ళకే మళ్ళీ దిగబోయి సముద్రంలో పడి చచ్చిపోయాడు. ఆ తర్వాత వెనక కూడా డెక్కు వేశారు. పొగగొట్టం వల్ల గాలి సుడి తిరిగి, అక్కడా దిగలేకపోయారు. చాలా ఏళ్ళకు అన్నీ కోసేసి పైనంతా చదును చేశారు."

"ఆ పని మొదలే చేస్తే అయిపోతుండె గద సార్?"

"తోస్తే కదా తమ్ముడూ!"

ఆ సాయంత్రమే పైలట్‌ను మళ్ళీ దించాను. ఈసారి టేపు మీద కన్నేసి ఉంచాను. విమానం రెక్క పట్టి ఆపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన సముద్రంలో పడిన మాట మాత్రం ఎత్తలేదు.

రెండో సెలవుకు పోయేసరికి దానికి ఆరేళ్ళు. కొంగు చాటుకు పోలేదు. గడప మీద నిలబడి అడిగింది: "ఏ రెక్క పట్టినవ్?"

"ఎడమది" అన్నాను. అంత సూటిగా చూస్తుంటే నా వల్ల కాలేదు. "లేదు బిడ్డా. నేను ఏ రెక్కా పట్టలే. నేను తుప్పు గీకుత."

దగ్గరికొచ్చి నా అరచేయి తిప్పి చూసింది. తుప్పు రాల్చే సుత్తి పట్టి పట్టి కాయలు కాసి ఉన్నాయి.

"అబద్ధం! రెక్క పట్టకుంటే ఇవెట్లయినయ్ బాపూ?"

ఎగిరి నా మెడకు చుట్టుకుంది. అంటే, నేను కూర్చున్న మంచం మీదే కాస్త ఎడంగా కూర్చుంది. చేయి మాత్రం వదల్లేదు.

పైలట్ మునిగిపోయిన సంగతి ఇప్పటికీ దానికి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.