బీపీ చూడటానికి వచ్చిన అక్కకే బీపీ

మూడు రోజులుగా ఒకటే వాన. హసన్‌పర్తిలోని మా గల్లీలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. మా అత్తమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. ఆమె మాత్రలు నిన్నటితో అయిపోయాయి. బయటికి వెళ్లే దారి లేక పొద్దుటి నుంచి నాకు కాలు నిలవలేదు.

మధ్యాహ్నం మా ఆశా వర్కర్ సరోజక్క మందుల సంచి నెత్తిన పెట్టుకుని, గోడలు పట్టుకుంటూ నీళ్లలో నడిచి వచ్చింది. మాత్రలిచ్చి, అత్తమ్మకు బీపీ చూసి, "మంచిగనే ఉన్నదమ్మా, ఫికర్ చెయ్యకు" అంది.

సరోజక్క లేవబోతుంటే అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"జర కూసో బిడ్డా. మరి నీది ఎవరు చూస్తరు?"

"నాకేమైతదమ్మా? ఇంక పది ఇండ్లు తిరగాలె."

అత్తమ్మ వినలేదు. బీపీ మిషన్ పట్టీ సరోజక్క చేతికే చుట్టించింది. చూస్తే నూట అరవై దాటింది! సరోజక్క ఇంట్లోకీ నీళ్లొచ్చాయట. తన బీపీ మాత్రలు సంచిలోనే ఉన్నా, రెండు రోజులుగా వేసుకోవడం మరిచిపోయిందట.

అత్తమ్మ వేడి ఉప్మా పెట్టించి, దగ్గరుండి మాత్ర మింగించింది. తింటూ తింటూ సరోజక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మందులు తెచ్చినవా అని అందరడుగుతరు. తిన్నవా అని ఎవ్వలడగరమ్మా."

కాసేపు కూర్చున్నాక మళ్లీ చూస్తే బీపీ కొంచెం తగ్గింది. సరోజక్క వెంటనే సంచి ఎత్తుకుని పక్కింటి వైపు నీళ్లలోకి దిగింది.

ఆమె నాలుగేళ్లుగా మా ఇంటికి వస్తోంది. తిన్నావా అని నేను ఒక్కసారీ అడగలేదు. "ఇంత లేటేంటక్కా?" అని మాత్రం చాలాసార్లు అడిగాను. నిజం చెప్పండి, మీ గల్లీకి వచ్చే అక్కను మీరేం అడుగుతారు?