కంప్యూటర్ పెట్టెలో విభూతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింట్లో అనేవాళ్లు. మెట్టినింట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ సంగతి వాళ్లకూ మొదటి నెలలోనే తెలిసిపోయింది. ఆ కోపం ఒక శుక్రవారం నాడు నా చేత చేయించిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది. గవర్నర్‌పేటలో కింద హోల్‌సేల్ మందుల కొట్లు, పైన మా వాటా. ముందుగదిలో కిటికీ పక్కన నా కంప్యూటర్. పెళ్లి శుభలేఖలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, ఎవరైనా సొంతంగా వేయించుకునే చిన్న పుస్తకాలు తెలుగులో టైపు చేసి ఇచ్చేదాన్ని. మా ఆయన కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఉద్యోగం చేసేవారు. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తయ్యా.

అత్తయ్యకు ఒక అలవాటు ఉండేది. ప్రతి శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, పూజ చేసుకుని, మట్టి ధూపం పాత్రలో నిప్పులేసి సాంబ్రాణి పొగ ఇల్లంతా తిప్పేది. దేవుడి పటాలు, బీరువా, బియ్యం డబ్బా, కింద పెట్టిన స్కూటరు, ఆఖర్న నా కంప్యూటర్. దాని పెట్టె మీద ఒక చిటికెడు విభూతి కూడా పెట్టేది. "పొగ లోపలికి పోతుంది అత్తయ్యా, ఇది బీరువా కాదు" అని నేను ప్రతి వారం మొత్తుకునేదాన్ని. "అన్నం పెట్టే వస్తువు అమ్మాయ్, దాన్నొక్కదాన్నే ఎట్లా వదిలేస్తాం" అనేది ఆవిడ. మళ్లీ వారం మామూలే.

ఆ ఏడాది నా చేతిలో ఉన్న పని మిగతా పనుల్లాంటిది కాదు. కూచిపూడి నుంచి ఒక నాట్యం మాస్టారు వారానికి రెండు రోజులు బస్సులో మా ఇంటికి వచ్చేవారు. వాళ్ల నాన్నగారి దగ్గర నేర్చుకున్న జతులు, ఏ చరణానికి ఏ అడుగు పడాలి, ఎక్కడ పాత్ర మొహం తిప్పుకోవాలి, అన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్క ముక్క లేదు. ఆయన కుర్చీ చేతి మీద తాళం వేస్తూ చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. అత్తయ్య వంటింట్లో పని ఆపి, గుమ్మం దగ్గర ముక్కాలిపీట వేసుకుని వినేది. ఎనిమిది నెలల్లో పుస్తకం పూర్తికావచ్చింది.

ఎండలు ముదిరాక ఒక వారం మాస్టారు రాలేదు. పై వారమూ రాలేదు. తర్వాత వాళ్లావిడ ఫోన్ చేసింది. పక్షవాతం వచ్చిందట. కుడిచెయ్యీ, మాటా రెండూ పడిపోయాయట.

"వినపడుతుందమ్మా. అన్నీ తెలుస్తన్నాయి, మాటే రావట్లేదు. నువ్వు రాసింది ఒకసారి వచ్చి చదివి వినిపిస్తావా? పొద్దస్తమానం గుమ్మం వైపే చూస్తన్నారు."

"ఆదివారం కాగితాల మీద తీసుకొస్తానండీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాను. ఆయన ఇక చెప్పలేరు. చెప్పినదంతా నా కంప్యూటర్లో తప్ప లోకంలో మరెక్కడా లేదు. నకళ్లు తీసి దాచుకునే ఫ్లాపీల డ్రైవు ఎప్పుడో పాడైతే బాగుచేయిద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. ప్రింటు కూడా, మొత్తం అయ్యాక ఒకేసారి తీద్దామనుకున్నాను. నా బద్ధకాన్ని నేనే తిట్టుకుంటూ గురువారం పొద్దున ప్రింటు మొదలుపెట్టాను.

పదిహేను నిమిషాలకి కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. కరెంటు పోయిందనుకున్నాను. తలెత్తి చూస్తే పైన ఫ్యాను నిక్షేపంగా తిరుగుతోంది. మళ్లీ వేశాను. ఈసారి పన్నెండు నిమిషాలు. సాయంత్రం దాకా వేస్తూ, ఆరిపోతుంటే చూస్తూ కూర్చుంటే పన్నెండు పేజీలు వచ్చాయి. పుస్తకం నూట ఎనభై పేజీలు.

శుక్రవారం పొద్దున్నే కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. వన్‌టౌన్‌లో ఉంటాడు, నెమ్మదైన మనిషి.

"ప్రాసెసర్ వేడెక్కుతుందండీ" అన్నాడు అంతా విని. "అదేనండీ, పెట్టెకి మెదడులాంటిది. దాని మీద ఒక అల్యూమినియం దిమ్మ, ఆ పైన చిన్న ఫ్యానూ ఉంటాయి. వాటికి దుమ్ము పట్టుంటుంది. వేడి ఎక్కువైతే కాలిపోకుండా మిషనే ఆగిపోద్ది. ఇవాళ శుక్రవారం కదండీ, నమాజు చూసుకుని మూడింటికల్లా వస్తాను. ఈలోగా ఆన్ చెయ్యమాకండి. ఊరికే ఉండలేకపోతే పక్క డోరు తీసి, బ్రష్‌తో పైపైన దులపండి, చాలు."

పైపైన అన్నాడు. నాకు పైపైన పని చేతకాదు.

డోరు తీశాను. లోపల చూసి నిర్ఘాంతపోయాను. ఆ చిన్న ఫ్యాను రెక్కల మధ్యా, కింద దిమ్మ సందుల్లోనూ దుమ్ము కంబళిముక్కలాగా పేరుకుపోయి ఉంది. గాలి పోయే సందే లేదు. వేలితో లాగితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున సాంబ్రాణి వాసన. నా ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుక్కుంటూ పెయింటు బ్రష్‌తో సందు సందూ దులిపాను. అక్కడితో ఆపాల్సింది.

ఆపలేదు. మీట నొక్కి, ఫ్యానుతో సహా దిమ్మని పైకి పెకలించాను. కింద నలుచదరంగా ప్రాసెసర్. దాని మీదా, దిమ్మ అడుగునా తెల్లగా, ఎండి పగుళ్లు పట్టిన పూత. గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. నాకు ఇంకే అనుమానమూ రాలేదు.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రండి."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆ పొద్దుటి విభూతి ఇంకా నుదుటి మీదే ఉంది.

"ఇదేంటో చూడండి."

"ఏంటమ్మాయ్ అది?"

"మీ విభూతి. వద్దు వద్దంటున్నా వారం వారం పెడతారుగా, ఎక్కడికి చేరిందో చూడండి. ఆ పెద్దాయన నోట్లో మాట పోయింది. ఉన్న ఆ నాలుగు మాటలూ ఇందులో ఉన్నాయి. వాటిని కూడా మీరు బూడిద చేశారు."

ఈ మాటలు నేనే అన్నాను. గొంతు కూడా కింద కొట్లోకి వినపడేంతగా లేచింది.

ఆవిడ వంగి, చాలాసేపు ఆ తెల్లటి పూత వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

"పడిందేమోనమ్మా. ఈ మధ్య చెయ్యి వణుకుతుందిగా నాకు. తుడిస్తే పోద్దా?"

"పోతుంది."

"పోతే బాగైపోద్దా?"

"బాగవుతుంది."

ఆవిడ లోపలికి వెళ్లి, మెత్తటి పాత నూలు చీర ముక్క చింపి తెచ్చి నా చేతికిచ్చింది. నేను ఆ గుడ్డకి కాస్త స్పిరిటు అద్ది ప్రాసెసర్‌నీ, దిమ్మ అడుగునూ అద్దంలా మెరిసేదాకా తుడిచాను. తెల్లదనం అణువంత మిగల్చలేదు. మళ్లీ బిగించి, మూడింటి దాకా ఆగలేక స్విచ్ వేశాను. ఆన్ చెయ్యొద్దని అతను చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే వేశాను.

ముందు రోజు ప్రింటయిన పన్నెండు పేజీల తర్వాతి పాఠం ఫైలు తెరిచాను. నాలుగు నిమిషాలైందో లేదో, పెట్టె కుయ్యి కుయ్యిమని అరిచి ఆరిపోయింది. ఇంకోసారి వేస్తే తెర మీదకి బొమ్మ కూడా రాలేదు.

నేను కుర్చీలో అలాగే కూలబడిపోయాను. పదిహేను నిమిషాలు నడిచేది, ఇంత శుభ్రం చేశాక నాలుగు నిమిషాలు కూడా నడవకపోవడమేంటో నాకు అంతుపట్టలేదు. ఏడుపొచ్చింది. అత్తయ్య అన్నం కలిపి పెడతానంది, వద్దన్నాను. ఆవిడా తినలేదు. కాసేపటికి చూస్తే వెనక వరండాలో ధూపం పాత్రని కడిగి, తుడిచి, అటక మీద బోర్లిస్తోంది. చూసి కూడా ఊరుకున్నాను. మంచి పనే చేసిందనుకున్నాను కూడా.

మూడింటికి అతను వచ్చాడు. నెత్తిన తెల్ల టోపీ తీసి జేబులో పెట్టుకుని, పెట్టె విప్పాడు. దుమ్ము లేకపోవడం చూసి "బాగానే దులిపారండీ" అన్నాడు. దిమ్మ పైకి తీశాడు. తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు.

"పేస్టేదండీ?"

"ఏం పేస్టు?"

"ఈ రెంటి మధ్యా తెల్లగా ఉండాలండీ. కంపెనీలోనే రాసి పంపిస్తారు. ప్రాసెసర్ వేడి దిమ్మకి అందాలంటే అదే ఆధారం." అతని చూపు బల్ల మీద ఉన్న చీరముక్క మీద పడింది. "తుడిచేశారా?"

నాకు నిలువుగుడ్లు పడ్డాయి. చివరికి నేను అన్నది ఇంకా తెలివితక్కువ మాట.

"అది విభూతి కాదా?"

అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "పెట్టె మీద పెట్టిన విభూతి ఇంత గట్టిగా బిగించిన దిమ్మ కిందకి ఎట్లా పోద్దండీ?" అన్నాడు. "దుమ్ము అందరిళ్లలోనూ ఉంటుంది. దులిపారు కదా, దాంతో సరిపోయేదండీ. ఇది తుడవకుండా ఉండాల్సింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అతను సంచీలోంచి చిన్న ట్యూబు తీసి, ప్రాసెసర్ మధ్యలో బియ్యపుగింజంత తెల్ల పేస్టు పెట్టాడు. చూడ్డానికి అచ్చం తడి విభూతే. దిమ్మ బిగించి, "ప్రాసెసర్ కాలిపోయిందో లేదో ఇప్పుడు తెలుస్తుందండీ" అన్నాడు. తెర వెలిగింది. లోపలి వేడి ఎంతో చూపించే పేజీ తెరిచి పెట్టాడు. అంకె నలభై దాటింది, యాభై దాటింది, యాభై రెండు దగ్గర నిలబడింది. అరగంట అక్కడే కూర్చుని ఆ అంకెనే చూశాం. అది కదల్లేదు.

పుస్తకం దక్కింది, ఒక్క పాఠం తప్ప. నాలుగు నిమిషాల ముచ్చటకి నేను తెరిచిన పాఠం అది. ఇప్పుడు తెరిస్తే అక్షరాలకి బదులు గళ్లూ, గీతలూ. అతను తనకు తెలిసినవన్నీ చేసి చూశాడు. ఆరు పేజీలు పోయాయి. నా చేత్తో నేను పోగొట్టాను.

అత్తయ్యకి ఆ మాట ఆ పూట చెప్పాలి. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఒకరి మీద అరవడానికి క్షణం ఆలోచించని దాన్ని, తప్పు నాదే అని చెప్పడానికి నోరు పెగల్లేదు.

మిగతాదంతా ప్రింటు తీసుకుని ఆదివారం కూచిపూడి బయల్దేరుతుంటే ఆవిడ కూడా వస్తానంది. మాస్టారు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. నన్ను చూసి కళ్లతోనే పలకరించారు. నేను మొదటి పేజీ నుంచి చదివాను. ఆయన ఎడంచేతి చూపుడువేలు మంచం పట్టె మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. ఒకచోట వేలు ఆగితే అక్కడ నేను తప్పు టైపు చేశానని అర్థం. అట్లా మూడు తప్పులు దిద్దుకున్నాను.

పోయిన పాఠం దగ్గరికి వచ్చాను. "ఇక్కడ ఆరు పేజీలు పోయాయి మాస్టారూ, నా వల్లే" అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్లు మూసుకున్నారు. వేలు మాత్రం ఆగలేదు. ఆ పాఠం ఆయన లోపల మొదలై, మొత్తం నడిచి, పూర్తయ్యేదాకా తాళం వేస్తూనే ఉన్నారు. మాటలు ఆయనకి వినపడుతున్నాయి. మాకు వేలి చప్పుడు మాత్రమే వినపడింది. మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వట్టి చేతులతో కూర్చున్నాను. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

తిరుగు బస్సులో పామర్రు దాటాక ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, ఆ రోజు నేను చూపించింది మీ విభూతి కాదు."

"తెలుసమ్మా. ఆ అబ్బాయి చెప్తంటే విన్నాగా."

"మరి నేను అట్లా అన్నప్పుడు పడిందేమో అన్నారేంటి? నాది కాదని ఎందుకు అనలేదు?"

ఆవిడ కిటికీలోంచి కాలవ వైపు చూసింది.

"నాదే అయ్యుంటే బాగుండు అనుకున్నా అమ్మాయ్. నాదైతే గుడ్డ పెట్టి తుడిస్తే పోద్ది. ఆయన మాటలు మిగులుతాయి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అందులో వణుకేమీ లేదు. అది కూడా ఆ రోజు నా కోసం చెప్పిన మాటేనని అప్పుడు తెలిసింది.

పై శుక్రవారం నేనే అటకెక్కి ధూపం పాత్ర దించి, నిప్పులేసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ తీసుకుని ఇల్లంతా తిప్పింది. దేవుడి పటాలకి, బీరువాకి, బియ్యం డబ్బాకి పొగ వేసింది. ముందుగది గుమ్మం దాకా వచ్చి ఆగింది. "లోపలికి రండి అత్తయ్యా, దీనికీ వెయ్యండి" అన్నాను. "ఇక్కడ్నించి చాల్లేమ్మా" అని, గుమ్మం బయటి నుంచే ఒక్కసారి చెయ్యి తిప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆవిడ బతికినన్ని శుక్రవారాలూ పిలిచాను. ఒక్కసారి కూడా ఆ గుమ్మం దాటి లోపలికి రాలేదు.