రాగి గని కథకు జర్మన్ మాటలు

నా చిన్నప్పుడు మేం జర్మనీలో, ఫ్రైబర్గ్ అనే గనుల ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవారు. నన్ను అక్కడి బడిలోనే చేర్పించారు. చేరిన కొత్తలో నేనేదో మాట తప్పుగా పలికితే తరగతంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత బడిలో నోరు విప్పడం మానేశాను. మంచు పడే కాలం వచ్చినా మాట్లాడలేదు. ఇలాగే ఉంటే కింది తరగతిలో కూర్చోబెట్టాల్సి వస్తుందని టీచరు అమ్మతో చెప్పింది.

మా పై అంతస్తులో కొత్తగూడెం నుంచి గనుల చదువుకు వచ్చిన ఒకాయన ఉండేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. జర్మన్‌లో జవాబులు చెప్పాల్సిన పరీక్ష ఆయన అప్పటికే ఒకసారి తప్పాడు. ఒక సాయంత్రం మా వంటింట్లో కూర్చుని నన్ను పిలిచాడు.

"బిడ్డా, పరీక్షల ఒక జపాన్ ఆయన కథ చెప్పాల్నట. నాకు మాటలు వస్తలేవు. నువ్వు బడిల అడిగొచ్చి నేర్పుతవా?"

"నేను బడిలో మాట్లాడను బాబాయ్."

"మాట్లాడకు. ఒక్కటే అడుగు. రాగిని ఏమంటరో."

ఆయన చెప్పిన ఆ కథ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ జపాన్ ఆయన పేదింట్లో పుట్టాడు. చిన్నతనంలో వీధుల్లో సోయా పన్నీరు మోసుకు తిరిగి అమ్మాడు. పెద్దయ్యాక ఒక వర్తకుడి కొలువులో పైకొచ్చాడు. ఆ వ్యాపారం దివాలా తీసేసరికి వట్టి చేతులతో మిగిలాడు. అయినా, ఇక ఇందులో ఏమీ లేదని అందరూ వదిలేసిన ఒక రాగి గనిని పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి తవ్వినా మట్టే వచ్చింది. మానేయమన్నారు. ఆయన మానలేదు. చివరికి రాగి పడింది. ఆ గని వెనకే కర్మాగారాలు, కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి.

మా తరగతి కిటికీలో ఖనిజాల ముక్కలు పేర్చి ఉండేవి. మర్నాడు అందులో రాగి ముక్క చూపించి, పక్కన కూర్చునే అమ్మాయిని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుప్ఫర్" అని చెప్పి, ఆ పిల్ల తన పనిలో పడిపోయింది.

బాబాయ్ రోజూ ఏదో ఒక మాట అడిగేవాడు. దివాలా అనే మాట పిల్లలకి తెలియక, దానికి మాత్రం టీచరు దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. ఆమె ఆశ్చర్యపోయి, ఆ కథేమిటో అందరికీ చెప్పమంది. తరగతి ముందు నిలబడ్డాను. మధ్యలో ఎవరో కిసుక్కుమన్నారు. అయినా ఆగకుండా, తప్పులతోనే, రాగి పడేదాకా చెప్పాను.

"తర్వాతేమైంది?" అని అడిగిందొక పిల్ల. ఆ ప్రశ్న తెచ్చి బాబాయ్ ముందు పెట్టాను.

"గని నీళ్లు ఏట్ల కలిసినయి బిడ్డా. కింది ఊర్ల పొలాలు పాడైనయి. అది గూడ చెప్పు."

అదీ చెప్పాను. నన్ను కింది తరగతికి పంపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వసంతంలో బాబాయ్ పరీక్ష గట్టెక్కాడు. జపాన్ ఆయన గురించి అడిగారా అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "ఆ కథ నన్నెవరు అడుగుతరే? రాళ్ల గురించి అడిగిండ్రు."

ఇప్పుడు నేను ఫ్రైబర్గ్‌కి దగ్గర్లోని కెమ్నిట్జ్‌లో ఉంటున్నాను. ఇక్కడికి చదువుకొచ్చిన మన పిల్లలు ఏ ఆఫీసులోనో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఉందంటూ, జర్మన్‌లో మాట్లాడిపెట్టమని నన్ను పిలుస్తుంటారు. కాదనకుండా వెళ్తాను. పక్కనే కూర్చుంటాను. కానీ మొదటి మాట మాత్రం, ఎంతసేపు పట్టినా, వాళ్లనే అననిస్తాను.