తుపాకి మందు కలిపింది నేను కాదు

మా చిన్నప్పుడు... మా నాయన ఎడమచేతి బొటనవేలు ఎగిరిపోయింది. దానికి కారణం నేనేనని మావాళ్ళంతా అరవై ఏళ్ళుగా అంటున్నారు. నేను కాదు.

చదువు లేనివాణ్ణి. ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుని రాస్తున్నాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. మాటలో తప్పుండదు.

మాది సీమలో కొండ కింద ఊరు. శనక్కాయ చేలు. అడవిపందులు దిగాయంటే చేనంతా దున్నేసేవి. అందుకని నాయనకు లైసెన్సు తుపాకి ఉండేది. గొట్టంలో మందు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలం తుపాకి...

మందు ఎంచడంలో మా నాయనను మించినవాడు లేడు. టౌన్లో అంగడాయన ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకునేవాడు కాదు. చిటికెడు అరచేతిలో వేసుకుని రాసి చూసేవాడు. వేలికి మసి అంటితే పిండి ఎక్కువని పక్కన పెట్టేవాడు. బండమీద కాస్త పోసి అంటిస్తే బుస్సుమని పోయి, బండ శుభ్రంగా మిగలాలి. నల్లగా ఉంటే... వద్దు.

తుపాకికి బరక మందు. జాతరలో ఔట్లు, అదే మోతబాంబులు, పేల్చడానికి సన్న మందు. అది పిండిలా ఉంటుంది, తొందరగా అంటుకుంటుంది. ఒకటి బయట ఉంటే రెండోది పెట్టెలో ఉండాలి. అది నాయన కట్టుబాటు. ఎనిమిదేళ్ళవాణ్ణి, కళ్ళు మూసుకుని తాకి ఏది ఏదో చెప్పేవాణ్ణి. అందుకే తుపాకి మందు డబ్బా నాకు అప్పగించాడు.

ఆ ఏడు జాతర అయ్యాక ఔట్ల మందు ఒక పొట్లం మిగిలింది. మా పెదనాయన కొడుకు ఓబులేసన్న... నాకంటే నాలుగేళ్ళు పెద్ద... ఆ పొట్లం తెచ్చి బరక మందు డబ్బాలో వంచేశాడు.

"అన్నా! అది వేరే మందు!"

"ఊరుకోరా. రెండూ నల్లగానే ఉండాయి గదా. పారేస్తే మీ నాయన ఊరుకుంటాడా? ఎవురికీ చెప్పగాకు."

మా ఇళ్ళల్లో ఏదీ పారేసేవాళ్ళు కాదు. మిగిలిన చారు పప్పులో పోసినట్టు పోశాడు. చెడ్డబుద్ధితో కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. అన్న మాట కదా అని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది. అదొక్కటే నాది.

రెండోరోజు పొద్దున నాయన తుపాకి తుడిచి, చేలో నిలబడి కొండవైపు పేల్చాడు. పంట కాపుకు ముందు ఏటా అలా పేల్చి చూసుకునేవాడు. ఆ మోత నాకు తెలిసిన మోత కాదు... గొట్టం పగిలింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక నాయన నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"బరకకూ పిండికీ తేడా తెలీనోడికి డబ్బా ఇచ్చినాను. తప్పు నాదేలే. ఇంక నువ్వు మందు ముట్టగాకు" అన్నాడు.

ఓబులేసన్న పక్కనే ఉన్నాడు. కాలివేలితో మన్ను గీకుతున్నాడు. చెప్తాడు... ఇప్పుడు చెప్తాడు... అనుకున్నాను. చెప్పలేదు. మళ్ళీ తుపాకి వచ్చినప్పుడు డబ్బా ఓబులేసన్న చేతికి పోయింది. నాయన పోయేదాకా నేనే కలిపాననుకున్నాడు.

ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటారా...

మెల్‌బోర్న్‌లో క్లైడ్ నార్త్‌లో మా కొడుకు సుధాకర్ దగ్గర ఉంటున్నాను. వాడికి క్లబ్బులో గురి పోటీల పిచ్చి. మ్యాగ్నమ్ రివాల్వరు. లైసెన్సు ఉంది, తూటాలు గరాజులో తనే నింపుకుంటాడు. ఒకరోజు రెండు మందు సీసాలు ముందు పెట్టుకుని తల గోక్కుంటున్నాడు.

"ఇది ఫాస్ట్‌గా కాలేది నాన్నా, ప్రాక్టీసుకి లైట్ లోడ్స్‌లో వేస్తాం. ఫుల్ మ్యాగ్నమ్‌కి ఈ స్లో పౌడర్ కరెక్ట్ అని బుక్‌లో ఉంది. ఏది చేద్దామా అని."

ఒకటి చిన్న బిళ్ళల్లా ఉంది, ఇంకోటి ఆవాలకంటే సన్నటి గింజలు.

"ఏదో ఒకటి అనుకో. ముందు రెండోది లోపల పెట్టు. రెండు మందులు ఒక బల్లమీద ఉండకూడదు" అన్నాను.

"నాన్నా, దట్స్ రూల్ నంబర్ వన్! నీకెవరు చెప్పారు?"

"మీ తాత."

ఆరోజు నుంచి ప్రతి శుక్రవారం గరాజులో నాకొక కుర్చీ. వాడు సీసా మీది పేరు పైకి చదవాలి, నేను గింజ చూసి ఊ అనాలి. అప్పుడే పని మొదలు. ఇన్నేళ్ళకు మళ్ళీ మందు దగ్గర నా మాట చెల్లింది.

అంతలో సిడ్నీ పెండిల్ హిల్‌లో కూతురి దగ్గరుండే ఓబులేసన్న మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. భోజనాల దగ్గర నా కుర్చీ సంగతి విని ఒకటే నవ్వు.

"వీడా! ఒరే సుధాకరా, మీ తాత బొటనవేలు ఏమైందో మీ నాయన్ను అడగరా! రోజూ నీ వేళ్ళు లెక్కపెట్టుకోరా నాయనా!"

అందరూ నవ్వారు. "ఓ మై గాడ్ తాతా, రియల్లీ?" అంది మనవరాలు. కోడలు మాత్రం నవ్వలేదు.

శుక్రవారం వచ్చేసరికి గరాజులో కుర్చీ లేదు. "మామయ్యా, మీరు లోపల టీవీ చూడండి. సేఫ్టీ కోసమే..." అంది కోడలు. కొడుకు నా మొహం చూడలేదు.

అప్పటినుంచి కూర్చుంటే లేస్తాను, లేస్తే కూర్చుంటాను. పెరట్లో తిరిగి తిరిగి గడ్డి కూడా చచ్చిపోయింది.

ఈ కాలంలో అన్నిటికీ పుస్తకం ఉంది, సీసా మీద పేరుంది. మా కాలంలో మనిషి చేతిని నమ్మేవాళ్ళు... ఆ నమ్మకం పోతే ఏ పుస్తకం చూసి తెచ్చుకోవాలి? మీలో చెయ్యని తప్పు మోసినవాళ్ళుంటే మొహమాటం లేకుండా కింద రాయండి.

ఓబులేసన్నా... ఈ గ్రూపులో పొద్దున్నే అందరికీ పూలబొమ్మలు పెట్టేది నువ్వే. చూస్తావు, నాకు తెలుసు. ఫోను చెయ్యకు, ఫోనులో నవ్వేస్తావు. ఇక్కడే, నా కొడుకూ కోడలూ చదివేటట్టు రాయి.

వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదింటికి మావాడు గరాజు తీస్తాడు. ఆలోపల చెప్పు... ఆ పొట్లం వంచింది ఎవరు?