పదకొండు తోటలు, ఎవరూ ఏరని పిక్కలు

నాకు యాభై రెండేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు విశాఖపట్నంలో ఒక లెక్కల కార్యాలయంలో, ఒకే కిటికీ పక్కన గడిచిపోయాయి. జిల్లాల నుంచి వచ్చే సర్వే ఫారాలు తనిఖీ చెయ్యడం నా ఉద్యోగం. ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుంది, మగవాళ్ళది ఎలా గడుస్తుంది, ఎవరికి ఎంత తీరిక, ఇవన్నీ కాగితం మీద చూసినదాన్నే తప్ప ఏ ఊరి పొలిమేరా తొక్కినదాన్ని కాదు. అలాంటిదాన్ని పట్టుకుని పలాస వెళ్ళి రమ్మన్నారు. ఆఫీసు మెట్లు దిగుతూ నేను కూనిరాగం తీశానంటే మీరు నవ్వకూడదు.

కారణం ఏమిటంటే, వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరి ఫారాలు. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ మార్చాను. ఎవరి జవాబు ఎవరిదో బయటపడనివ్వకూడదన్నది మా వృత్తిలో ఒట్టు లాంటిది. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళలో ఒక్కొక్కరి రోజు, తెల్లవారుజాము నాలుగు నుంచి మర్నాడు నాలుగు వరకు, అరగంటకో గడి చొప్పున రాసి పంపారు. చూస్తే జీడిపిక్కలు ఏరే కాలం. ఇంటింటికీ తోట ఉంది, పంట ఇంటికి చేరింది. కానీ తోటలో పని చేశానన్న మనిషి ఒక్కతీ లేదు. పొద్దున్న ఆరు నుంచి పదకొండు దాకా అందరి గడుల్లోనూ ఒకటే మాట: "పొరుగువారితో గడిపారు."

"పిక్కలు వాటంతటవే గోనెల్లోకి దూకాయా అమ్మా?" అన్నారు మా అధికారి. ఊరికి వెళ్ళి అడిగి రాసిన ఉద్యోగిని బదిలీ మీద వెళ్ళిపోయింది. ఎల్లుండి సాయంత్రం అయిదులోగా సరైన ఫారాలు అందకపోతే ఆ ఊరిని లెక్కలోంచి తీసేస్తామన్నారు. తీసేస్తే ఆ పదకొండు మందీ దేశం లెక్కలో ఎక్కడా ఉండరు.

మర్నాడు ఉదయం అయిదూ నలభైకి రైలు. స్టేషన్ మా ఇంటికి దగ్గరే కాబట్టి పెద్ద హడావిడి లేదు. లేచాను, బయలుదేరాను, అంతే. కిటికీ పక్క సీటు దొరికింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాటాక ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఒక్కదానివే నవ్వుతన్నావు, కన్నోరింటికా?" అంది.

"కాదండీ, ఆఫీసు పని మీద."

"ఆపీసు పనికి ఇలగ నవ్వినోల్లని నాను సూడలేదు," అని ఒక అరటిపండు చేతిలో పెట్టింది. నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తుంటే చిన్నపిల్లలా అటూ ఇటూ కిటికీలు మార్చి చూశాను.

తొమ్మిదీ యాభైకి పలాసలో దిగాను. స్టేషన్ బయట వేడి వేడి పూరీలు, కూర. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: టిఫిను ఇక్కడే కానివ్వండి, లోపలి ఊళ్ళలో ఆ వేళకి హోటళ్ళు కట్టేస్తారు. కాశీబుగ్గ నుంచి షేర్ ఆటో. వెనక నలుగురం, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, నా ఒళ్ళో ఎవరిదో శుద్ధి చేసిన నీళ్ళ డబ్బా. దారి పొడవునా కొబ్బరిచెట్లు, సందుల్లోంచి సముద్రపు గాలి. పన్నెండు కావస్తుండగా ఊళ్ళో అడుగుపెట్టాను.

నా జాబితాలో మొదటి పేరు నీలమ్మ. డెబ్బై దగ్గర పడిన మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ఫారం తియ్యగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"మొన్నొచ్చినమ్మకి సెప్పీసినాం గదా, మాకే పనీ లేదని. మల్లీ ఏటి?"

"మరి తోటలో పిక్కలు ఎవరు ఏరారండీ?"

"అందరం ఎల్లి ఏరినాం."

"అంటే పని చేసినట్టే కదా?"

"నా తోట కాదు గదమ్మా, మా పక్కింటి అప్పలనర్సి తోట. సాయానికెల్లినాం. సాయం పనేటి?" అని నా మొహంలోకి జాలిగా చూసింది. "నీకు ఇలగ తెల్దు గానీ, రేపు ఆరింటికి తోటకాడికి రా. సూద్దువు."

కాశీబుగ్గలో లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను శబ్దం చేసింది, నీళ్ళు బాగానే వచ్చాయి. జీడిపప్పు కూరతో భోజనం చేసి తొమ్మిదింటికే పడుకున్నాను. నవ్వొచ్చి నిద్ర పట్టలేదు. ఒక ఊరు ఊరంతా పనిచేస్తుందట, ఎవరూ పనిచెయ్యరట!

మర్నాడు మొదటి ఆటో పట్టుకుని ఆరు కొట్టేసరికి తోటలో ఉన్నాను. పదిమంది వచ్చారు. ఇవాళ నీలమ్మ తోట వంతు. చెట్టు కింద రాలిన జీడిమామిడి పండు తియ్యడం, పిక్క మెలితిప్పి బుట్టలో వెయ్యడం. ఫారం పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి, "నిలబడితే మాటాడం, వంగితే మాటాడతాం," అంది ఒకావిడ. వంగాను. అరగంటలో నడుం పట్టేసింది, గంటకి అలవాటైంది, రెండు గంటలకి నా బుట్ట నిండింది. నా జన్మలో అంత గర్వంగా ఏ ఫైలూ ముగించలేదు. చీర కుచ్చిళ్ళ నిండా పండ్ల రసం. వెళ్ళేవారు మంచి చీర కట్టుకోకండి, ఆ మరక పోదు.

పదకొండో మనిషి దమయంతి ఎనిమిదిన్నరకి వచ్చింది. భర్తకి డయాలసిస్. వారంలో సగం రోజులు ఆయన్ని పలాస ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇవాళ ఆస్పత్రి లేదు, అయినా ఆయనకి అన్నం పెట్టి రావాలి. ఆమె ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆమె తోట పిక్కలు కూడా వీళ్ళే ఏరతారని అప్పుడు తెలిసింది.

పదకొండింటికి నీడకి చేరి మజ్జిగ తాగుతుంటే అసలు మాట ఎత్తాను. ఇది పనేనండీ, ఫారంలో దీనికి గడి ఉంది, డబ్బు ముట్టకపోయినా పని పనే అన్నాను. అందరూ నీలమ్మ వైపు చూశారు.

"నువ్వు పనని రాసీసినావనుకో," అంది ఆవిడ నెమ్మదిగా, "అప్పలనర్సి నాకెన్ని గంటలు సేసింది, నాను దానికెన్ని సేసినాను అని మాలో మాకు లెక్కలొత్తాయి. అవి మొదలైతే దమయంతి తోట ఎవులేరతారమ్మా? అదెప్పటికి తీరుత్తాది?"

నా నవ్వు ఎక్కడికో పోయింది. పని లేదని వాళ్ళు తెలియక అనలేదు. ఒక మనిషి తలదించుకోకుండా ఉండాలని, తెలిసి తెలిసి లెక్కపెట్టడం మానేశారు. నేనేమో లెక్క పట్టుకుని దిగాను. సిగ్గేసింది.

"ఎవరి కాగితం వారిదే నీలమ్మగారూ," అన్నాను. "ఒకరిది ఒకరి పక్కన పెట్టి చూడం. ఎవరి తోటలో అని అసలు రాయను. పేరు కూడా బయటికి పోదు. దమయంతి ఆస్పత్రిలో గడిపిన గంటలకి కూడా ఇందులో గడి ఉంది."

దమయంతి తలెత్తింది. "ఆయనకాడ కూకున్నది కూడా రాత్తారేటి?"

"రాస్తాం."

"అలగైతే నాది రాయండి," అని ముందుకు జరిగింది.

నీలమ్మ ఇంకా కదల్లేదు. "ముందు నీది సెప్పు. నిన్న తెల్లారగట్ల నాలుగ్గంటలకి నువ్వేటి సేత్తన్నావు?"

"నేనా? ఏమీ లేదండీ. రైలుకి బయలుదేరాను."

"రైలెన్నింటికి?"

"అయిదూ నలభైకి."

"నాలుగుకి లెగిసి అంతొరకూ స్టేసన్లో కూకున్నావేటి?"

అప్పుడు గుర్తొచ్చింది. గోంగూర పప్పు చేశాను. రెండు రోజులకి సరిపడా పులుసు కాచాను. పాలు తోడుపెట్టాను, గిన్నెలు కడిగాను, మా ఆయన మందులు పూటపూటకీ విడదీసి డబ్బాలో సర్దాను. చెబుతుంటే ఒక్కొక్కటీ బయటికొస్తోంది. పదకొండు మందీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. "ఒలమ్మ, లెక్కలమ్మే తన లెక్క మరిసిపోనాది," అంది అప్పలనర్సి. ఇరవై ఆరేళ్ళు ఇతరుల తప్పులు పట్టినదాన్ని, నా తప్పు జీడితోటలో పట్టుబడింది.

ఆ తర్వాత ఫారాలు చకచకా నిండాయి. నిన్నటి ఆరు నుంచి పదకొండు దాకా అందరూ అప్పలనర్సి తోటలోనే, ఫారంలో మాత్రం ఉత్త "తోట పని" అని రాశాను. దమయంతి గడుల్లో మాత్రం ఆటో, ఆస్పత్రి, కూర్చోవడం, మళ్ళీ ఆటో. రాస్తుంటే వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంది. రెండున్నరకి బయలుదేరాను. నీలమ్మ నాలుగు పండ్లు సంచిలో వేసి, "మీ ఇంట్లో పనున్నప్పుడు కబురెట్టు, వత్తాం," అంది. మాట వరసకి అనలేదు.

కాశీబుగ్గలో టెక్కలి బస్సెక్కి, దారంతా ఒక్కో గడీ సరిచూసుకుని, టెక్కలి బస్టాండులో నాలుగూ నలభైకి పదకొండు ఫారాల ఫొటోలూ పంపాను. పది నిమిషాల్లో అధికారి నుంచి జవాబు వచ్చింది: "ఊరు ఉంటుంది." బస్టాండులో నిలబడి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. చెరుకురసం బండతను వెనక్కి తిరిగి చూశాడు. అతని దగ్గరే రెండు గ్లాసులు తాగి విశాఖ ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను.

సీట్లో కూర్చుని మిగిలిన ఖాళీ ఫారం ఒకటి తీశాను. నాలుగు గంటల గడిలో "వంట" అని రాశాను. ఇరవై ఆరేళ్ళలో నా గురించి నేను నింపిన మొదటి గడి. అంతలో మా ఆయన ఫోను.

"ఎక్కడిదాకా వచ్చావు? నువ్వు లేవని ఇవాళ అన్నం నేనే వండాను, గిన్నెలూ కడిగాను. నీకు సాయంగా ఉంటుందని."

"అది సాయం కాదండీ, పని," అన్నాను. "ఎంతసేపు పట్టింది?"

"ముప్పావు గంట పట్టిందేమో. ఎందుకు?"

"చెప్తాను, ఇంటికి రానివ్వండి," అని ఫారం తిప్పి, వెనకవైపు ఆయన పేరు రాసి, గంటల గడులు గీశాను.